అరవై ఆంపియర్ల గౌరవం

జంషెడ్‌పూర్ నగరం, గోవింద్‌పూర్ శివారు, నాగావళి కాలనీ వాసులకు తెలియజేయడమేమనగా, మన సభ్యులు కొన్న ఎలక్ట్రిక్ బైకుల బ్యాటరీలకు తగిన బీఎంఎస్ బోర్డును ఎంపిక చేయుటకై ఒక సాంకేతిక ఉపసంఘం ఏర్పాటు చేయడమైనది. ఇందువల్ల సభ్యులకు కలిగే ఆలస్యానికి ముందుగానే సంతోషిస్తున్నాము.

ఈ ప్రకటన రెండు వేల ఎనిమిది వానాకాలంలో కాలనీ నోటీసు బోర్డు మీద కనిపించింది. చదివినవాళ్ళెవరూ నవ్వలేదు. నాగావళి కాలనీలో ఉపసంఘం లేకుండా జరిగిన పని ఒక్కటే, గేటు దగ్గర కుక్క ఈనడం. పుట్టిన పిల్లలకు పేర్లు పెట్టడానికి మళ్ళీ ఉపసంఘం వేశారు. కాలనీలో ఒక్కరు తప్ప అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఊళ్ళోని రకరకాల కర్మాగారాల్లో ఇంజనీర్లుగా, మేనేజర్లుగా స్థిరపడ్డవాళ్ళు. మోటారు బాగుచేయగలవాళ్ళు ఇంటికొకరు ఉండటం వల్ల కాలనీ నీళ్ళ మోటారు ఏడాదిగా పనిచేయడం లేదు. ఏ పద్ధతిలో బాగుచేయాలన్నది ఇంకా తేలలేదు.

ఆ ఏడు పెట్రోలు ధర చూసి అందరూ కలిసి కలకత్తా డీలరు దగ్గర ఎలక్ట్రిక్ బైకులు కొన్నారు. డీలరు నిజాయితీపరుడు. బండి ఇస్తాను, బ్యాటరీ సెల్స్ ఇస్తాను, వాటి మీద పెట్టే బోర్డు మాత్రం మీరే చూసి చెప్పండి అన్నాడు. అంతమంది ఇంజనీర్లున్న కాలనీకి తాను చెప్పడమేమిటని ఆయన ఉద్దేశం. ఆయనకు కాలనీ గురించి తెలియదు.

బోర్డంటే తెలియని పాఠకులకు ఒక్క ముక్క. బైకు బ్యాటరీ అంటే ఒక డబ్బాలో వరసగా కట్టిన చిన్న చిన్న సెల్స్. వాటికి కాపలా కాసే పలచటి బోర్డే బీఎంఎస్. ఏ సెల్‌కైనా కడుపు నిండితే ఛార్జింగ్ ఆపుతుంది. ఏదైనా నీరసిస్తే వాడకం ఆపుతుంది. సెల్స్ మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు లాగబోతే అప్పటికప్పుడు తెంపేస్తుంది. అంటే పని ఆపడానికే నియమితమైన ఉద్యోగి. అలాంటి ఉద్యోగులు మన దగ్గర ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు గాని, ఆపవలసినప్పుడు ఆపేది మాత్రం ఇదొక్కటే.

ఉపసంఘానికి కన్వీనరు ఉమామహేశ్వర్. ఒక పెద్ద కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసే డిప్యూటీ జనరల్ మేనేజరు, వచ్చే ఫిబ్రవరిలో రిటైరు కాబోతున్న మనిషి. డీలరు పంపిన కాగితాన్ని ఆయన వంటింటి గుమ్మంలో నిలబడే చదివాడు. అందులో రెండే సంగతులున్నాయి. ఈ సెల్స్ ఇరవై ఆంపియర్లకు మించి మోయలేవు. బోర్డులు ఇరవై, ముప్ఫై, నలభై, అరవై ఆంపియర్లలో దొరుకుతాయి. అరనిమిషంలో ఆయనకు జవాబు తెలిసిపోయింది. ఇరవై మోసే సెల్స్‌కి ఇరవై దగ్గర ఆపే బోర్డే కావాలి. అరవై దాకా ఊరుకునే బోర్డు పెడితే, దొంగలు ఇల్లంతా సర్దుకున్నాక లేచే కాపలావాణ్ణి పెట్టుకున్నట్టే.

"ఏటండీ, ఏ బోర్డో తేలిపోనాదా?" అంది భార్య కుసుమ, పొయ్యి దగ్గర నుంచి.

"ఇరవై. అందరికీ ఇరవైయే."

"అయితే ఇప్పుడే చెప్పీండి డీలరుకి. కారు పోయినాక ఆటోల్లో నలిగిపోయే ఓపిక నాకు లేదు. నా బండి నాకు వచ్చీవాల."

కుసుమ సీతారాండేరాలో ఒక బడిలో టీచరు. ఇన్నేళ్ళూ భర్త ఆఫీసు కారుకు ఎప్పుడు తీరికైతే అప్పుడు బడికి వెళ్ళింది, ఎప్పుడు తీరికైతే అప్పుడు ఇంటికి వచ్చింది. ఫిబ్రవరిలో ఆ కారూ పోతుంది. తన బండి మీద తాను, తనకు నచ్చిన వేళకు, ఎవరినీ అడగకుండా బడికి వెళ్ళాలని ఆవిడకు చెప్పలేనంత కోరిక. ఆ బండి క్షేమంగా నడవడానికి కావలసిందల్లా భర్త నోటి నుంచి ఆ ఒక్క మాట బయటికి రావడం.

"అలగెలా చెప్పెత్తాం? కమిటీ కూకోవాల గదా!" అన్నాడు ఉమామహేశ్వర్. అరనిమిషంలో తేల్చిన నిర్ణయానికి విలువ ఉండదని ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆయనకు నేర్పింది.

కమిటీ కూర్చుంది. ఆ ఊరి ఆచారం ప్రకారం అందరూ లేచి నిలబడి, కుడిచేయి చాచి, భద్రతకే తొలి స్థానమని ప్రతిజ్ఞ చేశారు. తర్వాత ఆ విషయం పక్కన పెట్టి చర్చలోకి దిగారు. ఉమామహేశ్వర్ లేచి, సెల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, "కనక అందరికీ ఇరవై" అన్నాడు.

కాలనీ హాల్లో కుర్చీలన్నీ ఆయన వైపు తిరిగాయి. అందరికీ అన్న మాట ఆ హాల్లో అంతకుముందు వినాయకచవితి ప్రసాదం విషయంలో తప్ప వినబడలేదు. ఆ ప్రసాదంలోనూ జీడిపప్పు ఉద్యోగంలో ఎవరి గ్రేడ్‌ని బట్టి వారికే పడేది.

కాలనీ అధ్యక్షులు నీలకంఠంగారు లేచారు. ఆయన జనరల్ మేనేజరుగా రిటైరై రెండేళ్ళయింది. ఉద్యోగం రిటైరైంది గాని గ్రేడ్ ఇంకా సర్వీసులోనే ఉంది.

"మిత్రులారా! ఈ నగరాన్ని నిలబెట్టింది ఇనుము అనుకుంటారు, కాదు, క్రమం. క్వార్టరు గ్రేడ్‌ని బట్టి ఇచ్చారు. క్వార్టరు ముందు మామిడి చెట్లు గ్రేడ్‌ని బట్టి నాటారు. క్లబ్బులో ఫ్యాను కింద కుర్చీ గ్రేడ్‌ని బట్టి వేశారు. ఎవరైనా బాధపడ్డారా? పడినా గ్రేడ్‌ని బట్టే పడ్డారు. రేపు నా బండీ, మన బంగారురాజు బండీ ఒకే సిగ్నలు దగ్గర ఆగాయనుకోండి. ఏది ఎవరి బండో ఆ కరెంటుకు ఎలా తెలుస్తుంది?"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు బంగారురాజే. ఇచ్ఛాపురం వైపు మనిషి. టాటానగర్ స్టేషను బయట ప్రయాణికులకు పెట్టెలు కట్టుకునే గొలుసులూ తాళాలూ అమ్మే కొట్టు ఆయనది. ఏ కంపెనీలోనూ పనిచేయలేదు కనక గ్రేడే లేదు. గ్రేడ్ లేకపోయినా ఇంతమంది పెద్దల మధ్య కుర్చీ ఇచ్చారన్న కృతజ్ఞతతో ఆయన ఎప్పుడూ సగం కుర్చీలోనే కూర్చునేవాడు.

"సార్ చెప్పినది కరెట్టే. సార్‌కీ నాకూ ఒకటే అంటే నాకే సిగ్గుగా ఉంటాది," అన్నాడు.

అకౌంట్స్ జనరల్ మేనేజరు భీమారావుకి కాగితాలంటే ప్రీతి. డీలరు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో మరో సంగతి ఉందని ఆయనే పట్టుకున్నాడు. కొన్ని బోర్డుల్లో బ్యాలెన్సింగ్ అనే ఏర్పాటు ఉంటుంది. ఏ సెల్‌లోనైనా ఛార్జి పక్కవాటికంటే పైకి పోతే, ఆ ఎక్కువను కొంచెం కరిగించి మిగతావాటి మట్టానికి తెస్తుంది. నీలకంఠంగారి మొహం ఎర్రబడింది.

"అంటే పైకొచ్చిన సెల్‌ని కిందకి లాగుతారా? సీనియరు సెల్‌ని జూనియరు సెల్ పక్కన నిలబెడతారా? ఇది బ్యాటరీయా, యూనియన్ ఆఫీసా?"

బ్యాలెన్సింగ్ లేని బోర్డులే తెప్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

ఇక మిగిలింది పంపకం. నీలకంఠంగారికి అరవై. భీమారావుకి నలభై. డిప్యూటీలకు, ఇతర మేనేజర్లకు ముప్ఫై. అసిస్టెంట్ మేనేజరు ఆదిబాబుకి ఇరవై అనగానే ఆయన తన మామగారి గ్రేడ్ ప్రస్తావించి ముప్ఫైకి ఎక్కాడు. గ్రేడ్ లేనివారికి, అనగా బంగారురాజుకు, ఇరవై.

ఉమామహేశ్వర్‌కి తెలుసు, ఇంతమందిలో సరైన బోర్డు దొరికినవాడు బంగారురాజు ఒక్కడేనని. ఇది తప్పని చెప్పడానికే లేచాడు. గుండె మీద చేయి వేసుకుని చెప్పొచ్చు, అందుకే లేచాడు. లేచాక ఎదురుగా భీమారావు నవ్వుతూ కనిపించాడు. నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు.

"భీమారావు నాకంటే ఒక బ్యాచ్ జూనియర్. ఆయనకు నలభై, నాకు ముప్ఫై ఎలా ఇత్తారు?"

గంటసేపు పోరాడి ఆయన కుసుమ బండికి నలభై సాధించాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో గెలిచిన మొదటి పోరాటం కావడం వల్ల ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు.

"నలభయ్యా?" అంది కుసుమ. "ఇరవై కంటే మొయ్యలేవని మీరే అన్నారు గదా?"

"అది టెక్నికల్. ఇది డెసిషన్."

కూతురు మనోజ్ఞ ఇంజనీరింగ్ చదువుతోంది. తల్లిదండ్రులు తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం ఆ ఊరి పిల్లల అలవాటు. "పాపా, బోర్డ్ సెల్ దేఖ్‌కే లేతే హై, కుర్సీ దేఖ్‌కే నహీ," అంది. బోర్డు కొనవలసింది సెల్‌ని చూసి గాని కుర్చీని చూసి కాదని ఆ పిల్ల ఉద్దేశం.

"ముందు తెలుగు నేర్చుకో," అన్నాడు తండ్రి. జవాబు లేనప్పుడు ఆయన మాతృభాషను ఇలాగే కాపాడేవాడు.

బోర్డులు వచ్చాయి. బిగించడానికి వచ్చిన డీలరు మనిషిని నీలకంఠంగారు ఒక ప్రశ్న అడిగారు. బోర్డు అరవై ఉండి మోటారు ఇరవై మాత్రమే లాగితే మిగతా నలభై ఎవరి కోసమని. అది అధికారిని కుర్చీలో కూర్చోబెట్టి సంతకం పెట్టనివ్వకపోవడమేనని ఆయన వాదన. డీలరు మనిషి ఎదురు చెప్పకుండా ప్రతి మోటారు లాగుడునూ దాని బోర్డు హోదాకు సరిపడా పెంచేశాడు. బంగారురాజు మాత్రం ఏమీ అడగలేదు. అడగడానికి తనదేమంత పెద్ద బోర్డు కాదని ఊరుకున్నాడు.

ప్రారంభోత్సవానికి విశ్వకర్మ పూజ రోజును నిర్ణయించారు. ఆ రోజు జంషెడ్‌పూర్‌లో బొట్టు పెట్టని యంత్రం ఉండదు. బండ్లకు దండలు వేసి, కొబ్బరికాయలు కొట్టి, గోవింద్‌పూర్ నుంచి టాటానగర్ స్టేషను దాకా ఊరేగింపు బయల్దేరదీశారు. ముందు అరవై, దాని వెనక నలభైలు, ఆ వెనక ముప్ఫైలు, చిట్టచివర ఇరవై. కుసుమ తన బండి తానే నడిపింది. మెడలో బంతిపూల దండతో ఉమామహేశ్వర్ వెనక కూర్చున్నాడు. గాలి మొహానికి తగులుతుంటే కుసుమకి చిన్నపిల్లలా నవ్వు వచ్చింది. బంగారురాజు బండి మీద వెనక భార్య బంగారమ్మ, ముందు కొబ్బరికాయల బస్తా, పక్కన మైకు సెట్టు ఉన్నాయి. గ్రేడ్ లేనివాడు బరువు మోయడంలో ఎవరికీ వింత కనిపించలేదు.

రైల్వే వంతెన ఎత్తు ఎక్కుతుండగా బంగారురాజు బండి ఠక్కున ఆగిపోయింది. మోటారు ఇంకా లాగబోయింది, బోర్డు ఇక చాలంది. మైకు కూడా ఆయనతోపాటు కిందే ఉండిపోవడంతో ఊరేగింపు మూగబోయింది. నీలకంఠంగారు వెనక్కి తిరిగి, ప్రజలందరూ చూస్తుండగా కాలనీ పరువు తీశావని కేకలేశారు.

"నా బండి బుద్ధి తక్కువది సార్. మీరు నడవండి, నేను తోసుకొచ్చెత్తాను," అంటూ బంగారురాజు తలవంచుకుని తోశాడు. బంగారమ్మ కొబ్బరికాయల బస్తా నెత్తికెత్తుకుంది.

మిగతా బండ్లు ఆగలేదు. వాటిని ఆపేవారు లేరు. నీలకంఠంగారి సీటు కింద నుంచి సన్నగా పొగ మొదలైంది. పూజనాటి పొగ కాబట్టి అందరూ సాంబ్రాణి అనుకున్నారు. దారిన పోయే ఇద్దరు దణ్ణం కూడా పెట్టారు. వెనక బండి మీద కుసుమ అంది:

"ఏటండీ, కింద కాలతంది."

"నలభై ఆంపియర్లంటే ఆ మాత్రం వేడి ఉంటాది," అన్నాడు ఉమామహేశ్వర్, తాను కూడా ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు సర్దుకుంటూ.

కుసుమ అక్కడితో వినడం మానేసింది. బ్రేకు వేసి, భర్తను దండ పట్టుకుని కిందకి లాగి, బండిని రోడ్డు పక్క ఇసక కుప్ప మీదికి తోసేసింది. మరుక్షణం డబ్బా భగ్గుమంది. ముందు బండి మీద నుంచి నీలకంఠంగారు ఎగిరి దూకడంలో ఏ గ్రేడునూ పాటించలేదు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కుసుమ రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. భయానికి కొంత, బండికి కొంత.

"అరనిమిషంలో తెలిసినాది మీకు," అంది ఏడుస్తూనే. "ఇప్పుడైనా చెప్పండి అందరికీ."

ఉమామహేశ్వర్ చెబుతానన్నాడు. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాడు.

విచారణ ఉపసంఘం వేశారు. కన్వీనరు ఆయనే. ప్రతిజ్ఞ చేసి, నివేదిక రాయడానికి కూర్చున్నాడు. ఇరవై అని రాస్తే అరవై తప్పవుతుంది. అరవై తప్పైతే నీలకంఠంగారు తప్పవుతారు. నీలకంఠంగారు తప్పైతే నలభై కోసం గంటసేపు అరిచిన మనిషి ఏమవుతాడు? మరో ఐదు నెలల్లో కారు పోతుంది, గది పోతుంది, గుమ్మం దగ్గర లేచి నిలబడే బంట్రోతు పోతాడు. మిగిలేది ఈ కాలనీలో గౌరవం ఒక్కటే. చివరికి నివేదిక ఇలా తయారైంది:

"అరవై, నలభై ఆంపియర్ల బోర్డులు ఆఖరి క్షణం వరకు విధులు ఆపకుండా ఆదర్శప్రాయంగా పనిచేసినవి. సెల్స్ వాటి స్థాయిని అందుకోలేకపోవడం వల్ల స్వల్ప అంతరాయం కలిగినది. ఊరేగింపు మధ్యలో విధులు నిలిపివేసిన ఏకైక బోర్డు శ్రీ బంగారురాజుగారిది. అట్టి బోర్డును తొలగించి, ఎన్నడూ ఆగని అరవై ఆంపియర్ల బోర్డును ఆయనకు మంజూరు చేయవలసిందిగా సిఫార్సు చేయడమైనది."

ఇలాంటి నివేదికలను రాసేవారు నమ్మరు, వినేవారూ నమ్మరు. అది అక్కడి పద్ధతి. బంగారురాజు ఎప్పుడూ ఆఫీసులో పనిచేయని మనిషి కావడం వల్ల ఆ పద్ధతి తెలియదు. ఆయన నమ్మాడు. కళ్ళు తుడుచుకున్నాడు. స్టేషను బజారంతా మిఠాయి పంచాడు. మోటారు లాగుడు కూడా అరవైకి పెంచి మరీ బోర్డు బిగించుకున్నాడు.

ఆ వారమే నీలకంఠంగారు చేతిసంచితో, వెనక గుమ్మం నుంచి ఉమామహేశ్వర్ ఇంటికి వచ్చారు. "నాకు ఒక ఇరవైది చూసిపెట్టవయ్యా. మోటారు కూడా తగ్గించెయ్. మనలో మాట," అన్నారు. పైన మాత్రం అరవై అని ఉండాలన్నారు. మర్నాడు భీమారావు, ఆ మర్నాడు ఆదిబాబు, అందరూ వెనక గుమ్మం నుంచే వచ్చారు. ఉమామహేశ్వర్ అందరి బండ్లలోనూ ఇరవై బోర్డులు పెట్టించి, డబ్బాల మీద ఎవరి హోదాకు తగ్గ అంకె వారికి స్టిక్కరు కొట్టించాడు. కుసుమ బండి ఫ్రేము బాగానే ఉంది కనక ఆవిడ కొత్త సెల్స్ తెప్పించుకుని, బంగారురాజు పారేయబోయిన ఇరవై బోర్డును అడిగి తెచ్చుకుంది. భర్త దాని మీద కూడా స్టిక్కరు అంటించాడు. కాలిన బ్యాటరీ తాలూకు నష్టపరిహారంగా ఆయనకు ఉపసంఘం అరవై హోదా మంజూరు చేసింది కనక స్టిక్కరు మీద అంకె అరవై.

కుసుమకి ఇప్పుడు తన బండి మీద తాను బడికి వెళ్ళే భాగ్యం దక్కింది. కాని వంతెన దగ్గర రోజూ బంగారురాజు కనబడేవాడు. వెనక బంగారమ్మ, ముందు గొలుసుల బస్తా. కాలనీ మొత్తం మీద నిజంగా అరవై ఉన్న బండి ఆయనదొక్కటే. వాళ్ళు వంతెన దాటేదాకా ఆవిడ బండి ఆపి చూసేది. ఉండబట్టలేక ఒకరోజు కొట్టుకు వెళ్ళి ఉన్నమాట చెప్పేసింది.

బంగారురాజు ఆవిడ బండి మీద అంకె చూశాడు. "మేడంగారూ, మీకు అరవై ఉండొచ్చు, నాకుండకూడదేటండి?" అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకుని.

కుసుమ ఆయన కళ్ళెదుటే స్టిక్కరు పీకేసింది.

"అయ్యయ్యో!" అన్నాడు బంగారురాజు. "సార్‌ని అప్పుడే రిటైరు చేసేసినారేటి? ఇంత అన్యాయమేటి తల్లీ?" ఓదార్పుగా ఒక ఇత్తడి తాళం తెచ్చి, డబ్బులు వద్దని చేతిలో పెట్టాడు.

కుసుమ ఇంటికొచ్చి తాళాన్ని భర్త ముందు పెట్టింది. "నా ఒక్కదాని మాట ఆయన నమ్మడు. అందరి స్టిక్కర్లూ ఒక్కసారే పీకాల. ఇరవై చాలని మీకు మొదటి రోజే తెలుసునని మీరే మైకులో చెప్పాల. లేకపోతే ఆ మొగుడూ పెళ్ళాలు వంతెన మీద కాలిపోతారు."

ఉమామహేశ్వర్‌కి సిగ్గేసింది. తాను మంచివాడినేనని ఆయన నమ్మకం, ఆ నమ్మకం ఆ పూట బాగా ఇబ్బంది పెట్టింది. మర్నాడు పొద్దున్నే లేచి, స్నానం చేసి, నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించాడు. స్టిక్కర్ల తొలగింపు సాధ్యాసాధ్యాలను సూత్రప్రాయంగా పరిశీలించుటకై ఉపసంఘం ఏర్పాటు చేయడమైనది. మొదటి సమావేశానికి నీలకంఠంగారు రాలేదు. రెండోదానికి నీలకంఠంగారు రానందువల్ల ఎవరూ రాలేదు.

బంగారురాజు మాత్రం రోజూ వస్తున్నాడు. ఉమామహేశ్వర్ ఎదురుపడితే హ్యాండిల్ మీద నుంచి చేయి తీసి సలాం కొడతాడు. "మస్త్ చల్ రహా హై సార్! ఎక్కడా ఆగట్లేదు!" అని కేక వేస్తాడు. ఉమామహేశ్వర్ కూడా చేయి ఊపుతాడు. కుసుమ తన బండి ముందు బుట్టలో ఇసక సంచి వేసుకుని, ఆ దంపతుల వెనకే వంతెన ఎక్కుతోంది.

ఈ సంగతి ఇంతకాలం కాలనీవాళ్ళకే తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది. టాటానగర్ స్టేషను బయట గొలుసుల కొట్టు ఎక్కడని ఎవరిని అడిగినా చెబుతారు. వెళ్ళి బంగారురాజుకు ఉన్నమాట చెప్పే ఉద్దేశం లేకపోతే మొహమాటపడకండి, మీ గ్రేడ్ ఎంతో రాసి పంపండి. స్టిక్కరు పంపిస్తాం.